పండుగ ముందు మూడు రోజులు బడి మాన్పించవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం. బాబు ఎనిమిదో తరగతి, పాప నాలుగో తరగతి. ఈసారి సంక్రాంతి సెలవులు జనవరి 10 నుంచి 18 వరకు అన్నారు. మా పుట్టిల్లు సోంపేట దగ్గర పల్లెటూరు. నాన్నగారు పోయాక అక్కడ అమ్మ ఒక్కతే ఉంటోంది. హైదరాబాదులో ఉన్న అన్నయ్య కుటుంబం 7వ తేదీ ఉదయానికే వస్తోంది, వాళ్లకు ఆ రోజుకే టికెట్లు దొరికాయట. నేను కూడా పిల్లలను తీసుకుని 7నే వెళ్లిపోవాలని అనుకుంటున్నాను. ఇల్లు దులిపించాలి, సున్నం వేయించాలి, అరిసెలు వండాలి. అమ్మ ఒక్కతే చేసుకోలేదు. మా వారికి బజారులో బట్టల కొట్టు ఉంది. పండుగ బేరాల వల్ల ఆయన 13 రాత్రికి గానీ రాలేరు. పండుగ ముందు మూడు రోజులు బడిలో పాఠాలేమీ చెప్పరనీ, సగం మంది పిల్లలు రారనీ అందరూ అంటున్నారు. మా వీధిలో ఇద్దరు ముగ్గురు అప్పుడే ఊళ్లకు ప్రయాణమవుతున్నారు. మాతోనే ఉండే మా అత్తగారు మాత్రం బడి మాన్పించవద్దని పట్టుబడుతున్నారు. ఆవిడ పండుగకు 12న మా ఆడపడుచు ఇంటికి వెళతారు. మా వారేమో పిల్లలకు జ్వరమని సెలవు చీటీ రాసి పంపిస్తే సరిపోతుంది, దీనికి ఇంత ఆలోచన ఎందుకంటున్నారు. బాబు ఎప్పుడెప్పుడు వెళదామా అని ఉన్నాడు. పాపకు 9న బడిలో సంక్రాంతి సంబరాలు ఉన్నాయట, గొబ్బి పాటలో తను కూడా ఉందట, అందుకని కాస్త పేచీ పెడుతోంది. మూడు రోజులు మానితే నిజంగా నష్టమా?

— ఒక తల్లి, విజయనగరం

సమాధానం:

అమ్మా,

ఇద్దరినీ ఆ మూడు రోజులూ బడికి పంపండి. మీరు మాత్రం అనుకున్నట్టే 7న బయలుదేరండి. ఈ రెండూ ఎలా కుదురుతాయో చివర చెబుతాను.

ముందు తేదీలు చూద్దాం. భోగి 14న. సెలవులు మొదలయ్యేది 10న. అంటే పండుగ గడప తొక్కకముందే పిల్లలకు నాలుగు రోజులు తీరిక ఉంది. భోగి దండకు పిడకలు 10 సాయంత్రం చేసి ఎండలో పెట్టినా 13 నాటికి ఆరిపోతాయి. ఆ తర్వాత సంక్రాంతి, కనుమ, ముక్కనుమ, పైన ఒక ఆదివారం. తొమ్మిది రోజుల సెలవులో అమ్మమ్మ ఇంట్లో పిల్లలు చూడవలసినదేదీ తప్పిపోదు. 7, 8, 9 తేదీల్లో అక్కడ జరిగేది బూజులు దులపడం, సామాను బయట పెట్టి సున్నం వేయడం. ఆ పనిలో పిల్లలుంటే మీకూ అడ్డమే.

ఇక "బడిలో ఏమీ చెప్పరు" అన్న మాట. నేను మన రెండు జిల్లాల్లో ప్రాథమిక పాఠశాలల్లో 31 ఏళ్లు పనిచేశాను. ప్రతి జనవరిలోనూ ఈ మాట విన్నాను. విన్నప్పుడల్లా మనసు కష్టపెట్టుకున్నాను, ఎందుకంటే అందులో సగం నిజముంది. పిల్లలు రారు కనుక కొత్త పాఠం మొదలుపెట్టం. కొత్త పాఠం మొదలుపెట్టం కనుక పిల్లలు రారు. 34 మంది తరగతికి తొమ్మిది మంది వస్తే టీచరు ఏం చేస్తుంది? ఆ రోజు భాగహారం మొదలుపెడితే, సెలవులయ్యాక మిగిలిన 25 మంది కోసం అదే పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. శ్రద్ధగా వచ్చిన తొమ్మిది మందీ అప్పుడు విన్నదే వింటూ కూర్చోవాలి. అందుకని పాత పాఠం చదివిస్తుంది, ఎక్కాలు అప్పజెప్పించుకుంటుంది, బొమ్మలు వేయమంటుంది. సాయంత్రం పిల్లవాడు ఇంటికి వెళ్లి "ఈ రోజు ఏమీ చెప్పలేదమ్మా" అంటాడు. ఆ మాట రాత్రికి వీధంతా పాకుతుంది. మరునాడు ఆ తొమ్మిది మందిలో మరో నలుగురు తగ్గుతారు. తరగతి గది ఖాళీ కావడం ఇంటి దగ్గర మొదలవుతోంది తల్లీ, బడి దగ్గర కాదు. మీ వీధిలో ఇద్దరు ముగ్గురు వెళ్లిపోతున్నారని రాశారు. మీరు వెళితే పక్కింటివాళ్లు "వాళ్లూ వెళ్లారు కదా" అని మీ పేరు చెప్పుకుంటారు.

అయినా ఆ కొద్దిమందితో గడిపిన రోజులు నా ఉద్యోగంలో చాలా మంచి రోజులు. చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో ఉండగా ఒక జనవరిలో ఇలాగే నాలుగు, అయిదు తరగతులు కలిపి తొమ్మిది మందే వచ్చారు. గదిలో కూర్చోబెట్టడం ఎందుకని వరండాలోకి తీసుకువచ్చి, సుద్దముక్క ఇచ్చి ముగ్గు వేయమన్నాను. ఎప్పుడూ వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చునే ఒక పాప ముందుకు వచ్చింది. లెక్కలంటే ఆ పిల్లకు భయం, పలక మీద అంకె వేయమంటే చేయి వణికేది. ఆ రోజు మాత్రం "ఏడు చుక్కలు, సరిచుక్క, ఒకటి వచ్చే వరకు" అని పెద్దదానిలా చెబుతూ వరుసలు పెట్టేసింది. మొత్తం ఎన్ని చుక్కలు పెట్టావని అడిగాను. ఒక్కొక్కటీ వేలితో తాకుతూ లెక్కపెట్టి 25 అంది. వేలు పెట్టకుండా చెప్పగలవా అన్నాను.

అందరూ ముగ్గు చుట్టూ చతికిలబడ్డారు. పై నుంచి మధ్య వరుస దాకా ఒకటి, మూడు, అయిదు, ఏడు. కలిపితే 16. మధ్య వరుస కింద అయిదు, మూడు, ఒకటి. కలిపితే 9. ఒక పిల్లవాడు "పదహారంటే నాలుగు నాలుగులు టీచర్" అన్నాడు. వెంటనే ఈ పాప "తొమ్మిదంటే మూడు మూళ్లు" అంది. అంతే, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సరే, తొమ్మిది చుక్కల ముగ్గు వేస్తే ఎన్ని పడతాయని అడిగాను. ఆ పాప ఒక్క చుక్క కూడా పెట్టకుండా, కళ్లు మూసుకుని, "అయిదు అయిదులు, నాలుగు నాలుగులు... నలభై ఒకటి" అంది. మిగతావాళ్లు నమ్మక ముగ్గు వేసి లెక్కపెట్టారు. నలభై ఒకటే. పదకొండు చుక్కలకు వెళ్లాం. పదమూడుకు వెళ్లాం. మధ్యాహ్నం భోజనం గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

34 మంది ఉన్న రోజున ఆ పాప గొంతు నాకు వినిపించేదే కాదు. ఆ రోజు ఆమె బడికి రాకపోతే నాకు ఆ సంగతి తెలిసేది కాదు, ఆమెకూ తెలిసేది కాదు. సెలవుల తర్వాత రానివాళ్ల కోసం అదే పాఠం నల్లబల్ల మీద చుక్కలు పెట్టి చెప్పాను. విన్నారు, రాసుకున్నారు. కానీ వరండాలో సుద్ద అంటిన వేళ్లతో కూర్చున్న ఆ పూటను మళ్లీ తీసుకురాలేకపోయాను.

పండుగ ముందు రోజుల్లో బడికి తప్పకుండా వచ్చే పిల్లలు ఎవరో కూడా మీకు చెప్పాలి. వెళ్లడానికి వేరే ఊరు లేనివాళ్లు, తీసుకువెళ్లే మనిషి లేనివాళ్లు, ఇంటి కంటే బడిలో మధ్యాహ్నం అన్నం కుదురుగా దొరికేవాళ్లు. తోటివాళ్లంతా బ్యాగులు సర్దుకుని వెళ్లిపోయాక ఆ పిల్లలు సగం ఖాళీ బల్లల మధ్య కూర్చుంటారు. "మీ ఊరు ఎప్పుడు వెళతావు?" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పలేక తల దించుకున్న పిల్లలను నేను చూశాను. మీ పాప పక్కన కూర్చునే అమ్మాయి అలాంటిదై ఉండవచ్చు. ఆ మూడు రోజులు మీ పాప ఆమె పక్కన ఉండడం కూడా ఒక పనే.

మూడు రోజులే కదా అనిపిస్తుంది. విద్యా హక్కు చట్టం, 2009 ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పని దినాలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 ఉండాలి. సంక్రాంతి ముందు మూడు, తర్వాత రెండు, దసరాకు అలాగే మరో అయిదు వేసుకోండి. పది రోజులు. మీ పాపకు అది ఏడాది చదువులో ఇరవయ్యో వంతు. జ్వరాలు, పెళ్లిళ్లు, ఊరి పండుగలు దీనికి అదనం.

మన ఊళ్లో దసరా సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను విజయదశమి తర్వాత వచ్చే మొదటి మంగళవారం తిరుగుతుంది. 2025లో దసరా సెలవులు అక్టోబరు 2తో అయ్యాయి, సిరిమానోత్సవం అక్టోబరు 7న వచ్చింది. మధ్యలో బడి ఉన్న రోజుల్లో కూడా "ఎలాగూ సిరిమాను ఉంది కదా" అని పిల్లలను చుట్టాల ఇళ్ల నుంచి తీసుకురాని కుటుంబాలు నాకే చాలా తెలుసు. అమ్మవారి పండుగకు పిల్లలు ఊళ్లో ఉండవలసిందే, నేను కాదనను. నా బాధంతా ఆ మధ్య రోజుల గురించే.

పైగా మన తీరంలో మన చేతిలో లేని సెలవులు వేరే ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. మీ పుట్టింటి వైపు కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో మీ అమ్మగారికి తెలుసు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఇలాంటివి వచ్చినప్పుడు బడి గురించి ఎవరూ ఆలోచించలేరు. అక్టోబరు, నవంబరు ఇలా తుపానుల భయంతో గడుస్తాయి. మార్చి మధ్యకు వచ్చేసరికి ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలవుతాయి. వానా ఎండా లేకుండా, పిల్లలు చల్లగా కూర్చుని చదువుకోగలిగే కాలం మన దగ్గర జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదటి పక్షం. టీచర్లు ఏడాది మొత్తంలో పాఠాలు పరుగెత్తించేది అప్పుడే. అందులోంచి మూడు రోజులు తీసేయడం, జూన్‌లో మూడు రోజులు మానడం లాంటిది కాదు.

ఇప్పుడు మీ బాబు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఆ మూడు రోజుల్లో పోయే పాఠం కంటే, ఆ వయసులో పడే అలవాటు గురించి నాకు ఎక్కువ దిగులు. పదమూడేళ్ల వాడు ఇంట్లో పెద్దవాళ్ల నిర్ణయాలను చాలా జాగ్రత్తగా గమనిస్తాడు. బడి అనేది వీలైనప్పుడు వెళ్లేదా, వెళ్లవలసినదా అన్నది వాడు ఇప్పుడే తేల్చుకుంటున్నాడు. రెండేళ్లలో పదో తరగతి. అప్పుడు "పండుగకు రెండు రోజులు ముందు వెళదాం" అని అడిగితే మీరు కాదంటారు. వాడు "అప్పుడు వెళ్లాం కదా" అంటాడు. మరో సంగతి, సెలవులకు ముందు దిద్దిన జవాబు పత్రాలేవైనా పిల్లలకు ఇస్తుంటే వాటిని వదులుకోకండి. మార్కులు తర్వాతైనా తెలుస్తాయి. కానీ లెక్క ఎక్కడ తప్పిందో మాస్టారు పక్కన నిలబడి వేలు పెట్టి చూపించేది ఆ గంటలోనే. తొమ్మిది రోజులు గాలిపటాలు ఎగరేసి వచ్చాక ఆ కాగితం చేతికి వస్తే అది పాత కాగితమే.

పాప గురించి మీరు చివర ఒక్క మాటగా రాశారు. నేను దాని దగ్గరే ఎక్కువసేపు ఆగాను. గొబ్బి పాటలో తను కూడా ఉంది. అంటే ఎన్నో రోజుల నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్లంతా గుండ్రంగా తిరుగుతూ సాధన చేస్తున్నారన్నమాట. గొబ్బి ఆటలో ఒక్క పిల్ల తగ్గితే చప్పట్లు కుదరవు. పక్కపిల్ల చేతికి చేయి అందదు. టీచరు ఆఖరి రోజున ఇంకో పిల్లను పెట్టాలి, లేదా ఆ చోటు ఖాళీగా వదిలేయాలి. మీ పాపకు ఈ సంగతి తెలుసు, అందుకే పేచీ. పెద్దవాళ్లకు అది పేచీలా కనిపిస్తుంది కానీ, తన మీద నలుగురు ఆధారపడి ఉన్నారని తెలిసిన పిల్ల బాధ్యతగా మాట్లాడుతోంది. ఎనిమిది, తొమ్మిదేళ్లకే ఆ బుద్ధి వచ్చినందుకు దగ్గరకు తీసుకుని ముద్దు పెట్టండి. 9న పట్టు పరికిణీ కట్టి, పూలు పెట్టి పంపండి.

జ్వరం చీటీ గురించి మాత్రం కాస్త గట్టిగా చెబుతాను. మీ వారు చెడ్డ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. అందరూ రాసేదే, మేమూ చదివి సంతకం పెట్టి పక్కన పడేసేవాళ్లమే. కానీ ఆ చీటీ తెచ్చి ఇచ్చేది పిల్లలు. ఒక పిల్లవాడు సెలవుల తర్వాత బడికి వచ్చాడు. ఎండకు నల్లబడ్డాడు, మోచేతి మీద గాలిపటం దారం కోసిన గీత, జేబులో అమ్మమ్మ ఇంటి నుంచి తెచ్చిన జంతికల ముక్కలు. పక్కవాడు అమాయకంగా "జ్వరం తగ్గిందా?" అని అడిగాడు. పిల్లవాడు నా వైపు చూశాడు. నాకు నిజం తెలుసని వాడికి తెలుసు. "తగ్గింది" అన్నాడు, చాలా నెమ్మదిగా. సెలవుల్లో ఏం చేశావో చెప్పమని తరగతిలో అందరినీ అడుగుతున్నప్పుడు, వాడి వంతు వచ్చేసరికి ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయాడు. భోగి మంట గురించి చెప్పవచ్చా, కూడదా? కోడి పుంజు గురించి చెబితే అబద్ధం బయటపడుతుందా? ఊరి నిండా పండుగ చేసుకుని వచ్చి నోరు విప్పలేకపోయాడు ఆ పిల్లవాడు. నేనే "కూర్చో నాన్నా" అని తప్పించాను. దయచేసి మీ పిల్లలను ఆ చోట నిలబెట్టకండి. ఎప్పుడైనా బడి మాన్పించవలసి వస్తే ఉన్నది ఉన్నట్టు రాయండి. "మా అమ్మగారి ఇంట్లో పని ఉంది, ఫలానా తేదీ వరకు రాలేరు" అని రాస్తే ఏ టీచరూ కొట్టదు, తిట్టదు. పాఠాలు ఏమేం జరుగుతాయో చెప్పి పంపుతుంది కూడా.

మాన్పించవలసిన సందర్భాలు ఉంటాయి, లేవని నేను అనను. మన పల్లెల్లో ఎందరో తండ్రులు సైన్యంలో ఉన్నారు. ఏడాదికొకసారి దొరికిన సెలవు మీద అలాంటి తండ్రి 6న వచ్చి 20న వెళ్లిపోతుంటే, ఆ పిల్ల మూడు రోజులు నాన్నతో ఉండాలని నేనే ఇంటికి పంపుతాను. తాతగారికో అమ్మమ్మకో ఒంట్లో బాగాలేకపోతే ప్రశ్నే లేదు. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ల కష్టం వేరు. రైలు రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుస్తారు, పండుగ తేదీలకు విశాఖ ఎక్స్‌ప్రెస్ లాంటి వాటిలో సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. దొరికిన రోజున రావడం తప్ప వాళ్లకు గత్యంతరం లేదు, మీ అన్నయ్యగారిని నేను తప్పు పట్టను. పనుల కోసం వలస వెళ్లే కుటుంబాల పిల్లలది ఇంకా పెద్ద సమస్య. వాళ్ల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు, ఆ సంగతి మీకు తెలిసిన అలాంటి కుటుంబం ఉంటే చెప్పండి. మీ విషయంలో ఇవేవీ లేవు. విజయనగరం నుంచి సోంపేటకు ఒక్క పూట ప్రయాణం.

బడి తప్పు కూడా ఉంది. ఆఖరి మూడు రోజులు పిల్లలను ఊరికే కూర్చోబెట్టి, సెలవుల్లో చేయమని 20 పేజీల కాపీ రాత ఇచ్చి పంపే టీచర్లను నేను సమర్థించను. వచ్చిన పిల్లకు వచ్చినందుకు ఏదో ఒకటి దక్కాలి. వెనకబడిన పిల్లవాడికి తీసివేతలో అప్పు తెచ్చుకోవడం నేర్పడానికి, చదవలేని పాప చేత ఒక కథ పూర్తిగా చదివించడానికి అంతకంటే మంచి సమయం టీచరుకు దొరకదు. ఈ మాట తల్లిదండ్రులే అడగాలి. మన రాష్ట్రంలో 2024 డిసెంబరు 7 నుంచి మెగా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు పెడుతున్నారు. అక్కడికి వెళ్లి మార్కుల చీటీ చూసుకుని, భోజనం చేసి రావడంతో సరిపెట్టుకోకండి. "పండుగ ముందు వారం పిల్లలకు ఏం చెబుతారు టీచర్? మేం అందరం పంపితే కొత్త పాఠం చెబుతారా?" అని అడగండి. మీలాంటి పదిమంది తల్లులు ఆ మాట ఇస్తే ఏ టీచరైనా సంతోషంగా ఒప్పుకుంటుంది. నేనైతే ఎగిరి గంతేసేదాన్ని.

ఇక మీ ప్రయాణం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మగారికి కావలసింది 7న మీరు. పిల్లలు 7నే రావాలని ఆవిడ అడిగినట్టు ఎక్కడా లేదు. మీ అత్తగారు 12 దాకా ఇంట్లోనే ఉంటారు, బడి మాన్పించవద్దని చెబుతున్నది కూడా ఆవిడే. మూడు రోజులు మనవలను ఆవిడకు అప్పజెప్పండి. ఆవిడ మాటకు విలువ ఇచ్చినట్టూ అవుతుంది. మీరు 7 ఉదయం ఒక్కరే రైలెక్కండి. వెళ్లేముందు పిల్లల బట్టలు, పాప పరికిణీ, గాజులు ఒకచోట పెట్టి అత్తగారికి చూపించండి. మీ వారు కొట్టు తెరిచేలోపు పిల్లలను బడి దగ్గర దింపగలరు. 9 సాయంత్రం గొబ్బి ఆట కొట్టు పనివల్ల ఆయన చూడలేకపోతే నాయనమ్మను తప్పకుండా వెళ్లమనండి. ఎవరో ఒకరు మన వాళ్లు ఎదురుగా కూర్చుని ఉండడం ఆ వయసు పిల్లకు చాలా ముఖ్యం. ఇక 10 ఉదయం ఆయన పిల్లలను సోంపేట దాకా తీసుకువచ్చి, అన్నం తిని సాయంత్రం బండికి తిరిగి వెళ్లవచ్చు. పండుగ బేరాల్లో ఒక్క రోజు కొట్టు వదలడం ఆయనకు కష్టమైతే, అప్పటికి మీ అన్నయ్యగారు ఊళ్లోనే ఉంటారు కదా, వచ్చి మేనల్లుడిని, మేనకోడలిని తీసుకువెళ్లమనండి. మేనమామ స్వయంగా వచ్చి తీసుకువెళ్లాడంటే పిల్లలకు అది ఎంత గొప్పో మీకూ గుర్తుండే ఉంటుంది.

మీ బాబు అలుగుతాడు. అలగనివ్వండి. బావలూ మరదళ్లూ ముందే వచ్చేశారని, తను లేకుండా ఆటలు మొదలైపోయాయని రోజూ ఫోనులో విని ఉడుక్కుంటాడు. 10 మధ్యాహ్నం వాకిట్లో దిగిన అయిదు నిమిషాల్లో అన్నీ మరిచిపోతాడు.

తిరిగి రావడం కూడా ఇప్పుడే అనుకోండి. 19 సోమవారం బడి తెరుస్తారు. 18 ఆదివారం సాయంత్రం రైళ్లు, బస్సులు కిటకిటలాడతాయి, ఆ రద్దీకి భయపడి "రేపు వెళదాం" అనుకుంటే 19 పోతుంది, 20 కూడా పోతుంది. ముక్కనుమ అయిన మరునాడు ఉదయమే బయలుదేరండి. మధ్యాహ్నానికి ఇల్లు చేరితే పిల్లలు బట్టలు సర్దుకుని, పుస్తకాలు చూసుకుని, ఒక రాత్రి బాగా నిద్రపోతారు.

ఇంకొక చిన్న పని. అమ్మగారికి ఈ రోజే ఫోను చేసి అరిసెలకు బియ్యం 10న నానబోయమనండి. అప్పుడు 11న పిండి కొట్టించి పాకం పట్టవచ్చు. ఆ వేళకు పాప అక్కడే ఉంటుంది. చలిమిడి ముద్ద చేతిలో పెట్టి, ఆకు మీద ఒత్తడం అమ్మమ్మ చేతే నేర్పించండి.